ఐఆర్‌సీ సంభాషణ జాలాల్లో స్వచ్ఛంద నిర్వాహకులు: అధికారం, ప్రవర్తన, బాధ్యత (1988–2021)

ఉపోద్ఘాతం

1988 వేసవిలో ఫిన్లాండ్‌లోని ఊలు విశ్వవిద్యాలయంలో యార్కో ఓయికరినెన్ అనే యువకుడు ‘టోల్సన్’ అనే సర్వర్ బాగోగులు చూస్తుండేవాడు. ఆ పనికి రోజంతా పట్టేది కాదు. మిగిలిన సమయంలో అతడు అక్కడి ‘ఊలుబాక్స్’ అనే బులెటిన్ బోర్డును మెరుగుపరచబోయాడు. అందులో నలుగురూ కలిసి మాట్లాడుకునేందుకు అప్పటికే ఉన్న ప్రోగ్రాం స్థానంలో, ఆగస్టు చివరినాటికి, కొత్తదొకటి రాసిపెట్టాడు. ఇంటర్నెట్ రిలే చాట్, సంక్షిప్తంగా ఐఆర్‌సీ, అలా పుట్టింది. 1989 మధ్యనాటికి ప్రపంచంలో సుమారు నలభై సర్వర్లు దానితో అనుసంధానమయ్యాయి. 1991లో గల్ఫ్ యుద్ధ సమయంలోనూ, అదే ఏడాది ఆగస్టులో మాస్కోలో జరిగిన కుట్ర రోజుల్లోనూ పత్రికల కంటే ముందుగా వార్తలు ఈ మార్గంలో ప్రయాణించాయి.

ఈ జాలానికి యజమాని లేడు. ఒక్కొక్క సర్వర్ ఒక్కొక్క విశ్వవిద్యాలయానిదో, సంస్థదో. దాన్ని నడిపే వ్యక్తి తన అసలు ఉద్యోగంతో పాటు, చాలా సందర్భాల్లో పై అధికారులు చూసీచూడనట్లు ఊరుకున్న అదనపు పనిగా నడిపాడు. జీతం లేదు, నియామక పత్రం లేదు. అయినా, ఎక్కడో ఇంకో ఖండంలో ఉన్న మనిషి మాటను మధ్యలోనే తెంచివేయగల అధికారం అతని చేతిలో ఉంది. ఎలిజబెత్ రీడ్ 1991లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన ‘ఎలక్ట్రోపొలిస్’ అనే పరిశోధన వ్యాసం ఐఆర్‌సీని ఒక సమాజంగా చూసిన తొలి అధ్యయనాల్లో ఒకటి. మారుపేర్లు, ముఖం కనబడని స్వేచ్ఛ, మాటలతో ఆట వంటి విషయాలతో పాటు, ఆ సమాజం తనలో తాను విధించుకునే శిక్షలను కూడా ఆమె గమనించింది. ఆ శిక్షలను అమలుచేసేవారి చరిత్రే ఈ వ్యాసానికి విషయం. చట్టం ఇవ్వని అధికారాన్ని ఏది అదుపు చేసింది? ఆ అధికారం ఎవరికి జవాబుదారీ అయింది? ఐఆర్‌సీ చరిత్రలోని పెద్ద చీలికలన్నీ ఏదో ఒక రూపంలో ఈ ప్రశ్నల చుట్టూనే తిరిగాయి.

అధికారపు అంచెలు

‘ఆపరేటర్’ అనే ఒకే మాట ఐఆర్‌సీలో ఇద్దరు వేర్వేరు మనుషులకు వర్తిస్తుంది. ఈ తేడా తెలియకపోతే తరువాతి వివాదాలేవీ అర్థం కావు.

మొదటివాడు ఛానెల్ ఆపరేటర్. ఛానెల్ అంటే ‘#’ గుర్తుతో మొదలయ్యే పేరు గల సంభాషణ స్థలం. దాన్ని రచ్చబండతో పోల్చడం పరిపాటి కానీ, ఆ పోలిక ఒకచోట తప్పుతుంది. జనం ఇళ్లకు వెళ్లిపోయినా రచ్చబండ అక్కడే ఉంటుంది. చివరి మనిషి వెళ్లిపోగానే ఛానెల్ మాయమవుతుంది. మళ్లీ ఎవరు ముందుగా అడుగుపెడితే వారికే అది కొత్తగా పుడుతుంది, వారి పేరు పక్కన ‘@’ గుర్తు చేరుతుంది. ఆ గుర్తు ఉన్నవారు ఇతరులను ఛానెల్ నుంచి గెంటివేయగలరు, నిషేధించగలరు, అనుమతి పొందినవారు తప్ప మిగిలినవారు మాట్లాడలేకుండా చేయగలరు, ఆ గుర్తును ఇంకొకరికి ఇవ్వగలరు. అధికారానికి అర్హత ముందుగా రావడమే.

రెండవవాడు ఐఆర్‌సీ ఆపరేటర్. సర్వర్ అమరికల ఫైలులో తన పేరిట ఒక పంక్తి ఉన్నవాడు. సర్వర్లను కలపడం, విడదీయడం ఇతని పని. ‘కిల్’ అనే ఆదేశంతో ఎవరినైనా ఛానెల్ నుంచే కాక మొత్తం జాలం నుంచే తొలగించగలడు. ‘కె–లైన్’ అనే నిషేధంతో ఒక చిరునామా నుంచి తన సర్వర్‌కు ఎవరూ రాకుండా ఆపగలడు. ఇతనిపైన సర్వర్ అధిపతి ఉంటాడు. ఆ పంక్తిని రాసేదీ, చెరిపేదీ అతడే.

1993 మేలో ఓయికరినెన్, డారెన్ రీడ్ కలిసి ప్రచురించిన ఆర్‌ఎఫ్‌సీ 1459 అనే పత్రం ఈ ఏర్పాటును మొదటిసారి క్రోడీకరించింది. అది ఆదేశాల క్రమాన్ని, సందేశాల పొడవును నిర్ణయించే సాంకేతిక పత్రం. అయితే ఆపరేటర్ల ప్రస్తావన వచ్చినచోట దాని స్వరం మారుతుంది. ఈ అధికారాలు ప్రమాదకరమైనవేనని, అయినా అవసరమని ఒప్పుకుంటుంది. ఒక వాడుకరిని బలవంతంగా తొలగించే అధికారం వివాదాస్పదమని, దాన్ని సమర్థించడం సున్నితమైన విషయమని, దాని దుర్వినియోగం విధ్వంసకరమని అంటుంది. అంతటితో ఆగుతుంది. ఎప్పుడు వాడాలో, ఎవరు విచారించాలో చెప్పదు. సందేశానికి ఎన్ని బైట్లుండాలో నిర్దేశించిన పత్రం వేటుకు ఏ కారణం చాలునో నిర్దేశించలేదు. ఆ ఖాళీని తరువాతి మూడు దశాబ్దాలు అలవాట్లు, తగాదాలు, చీలికలు కలిసి నింపాయి.

ఎరిస్ లేని జాలం

తొలి చీలిక ఆ పత్రం కంటే ముందుది. 1990లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ‘ఎరిస్’ అనే సర్వర్ ఉండేది. ఎవరైనా తమ సర్వర్‌ను సంకేతపదం లేకుండానే దానికి కలుపుకోవచ్చు. గ్రీకు పురాణాల్లో ఎరిస్ కలహదేవత. ఆ పేరు పెట్టినవారు ఊహించారో లేదో గానీ, కలహం మాత్రం నిజంగానే వచ్చింది. ఎవరో తెలియని సర్వర్ కలిసిందంటే ఎవరో తెలియని ఆపరేటర్ కూడా వచ్చినట్లే. అతని చేతిలోని ‘కిల్’ ఆదేశం జాలమంతటా చెల్లుతుంది. ఆ ఏడాది ఆగస్టులో చాలామంది సర్వర్ అధిపతులు ఎరిస్‌ను తమ జాలం నుంచి వెలివేశారు. ఎరిస్ లేని జాలం అనే అర్థంలో తమను ‘ఈఎఫ్‌నెట్’ అని పిలుచుకున్నారు. ఎరిస్‌తో మిగిలినవారు ‘ఎ–నెట్’ పేరుతో కొనసాగినా అది ఎంతోకాలం నిలవలేదు.

ఈ ఘటనను సాధారణంగా స్వేచ్ఛకూ క్రమశిక్షణకూ మధ్య జరిగిన పోరుగా చెబుతారు. ఆ వివరణ పూర్తిగా సరిపోదు. ఎరిస్‌ను వెలివేసినవారు వాడుకరులకు కొత్త ఆంక్షలేమీ విధించలేదు. ఆపరేటర్ అధికారం పరిచయం లేనివారికి అందకూడదన్నదే వారి పట్టు. ఒక ఆపరేటర్ తప్పు చేస్తే అతణ్ని ఎరిగిన సర్వర్ అధిపతి ఎవరో తెలిసి ఉండాలి, అతనికి ఉత్తరం రాయగలగాలి. వాడుకరుల ప్రవర్తనకు నియమావళి రాకముందే నిర్వాహకుల జవాబుదారీకి ఒక అడ్డుకట్ట పడిందన్నమాట. అయితే ఈ జవాబుదారీ పైకి, సర్వర్ అధిపతి వైపు మాత్రమే నడిచింది. వేటు పడిన వాడుకరికి అందులో చోటు లేదు.

ఛానెల్ ఎవరిది?

సర్వర్ల మధ్య అనుసంధానం తరచూ తెగిపోయేది. తెగినప్పుడు జాలం రెండు ముక్కలై, ఒకే పేరు గల ఛానెల్ రెండుచోట్ల ఉండేది. దీన్ని అవకాశంగా వాడుకునే విద్య త్వరలోనే పుట్టింది. తెగిపోయిన చిన్న ముక్కలోని సర్వర్‌కు చేరి, అక్కడ ఖాళీగా ఉన్న ఛానెల్‌లో అడుగుపెడితే ‘@’ గుర్తు దానంతటదే వస్తుంది. జాలం తిరిగి కలిసినప్పుడు ఆ గుర్తు కూడా అతనితో వస్తుంది. వెంటనే పాత ఆపరేటర్ల గుర్తులు తీసేసి అందరినీ గెంటివేయవచ్చు. నెలల తరబడి పెంచుకున్న ఛానెల్ నిమిషంలో పరాయిదవుతుంది.

బాధితులు ఐఆర్‌సీ ఆపరేటర్ల దగ్గరకు మొరపెట్టుకోవడం సహజం. ఈఎఫ్‌నెట్ ఆపరేటర్ల సంప్రదాయ సమాధానం ఒక్కటే: ఛానెల్ ఎవరి సొత్తూ కాదు, ఛానెల్ తగాదాల్లో తలదూర్చం. ఇది నిర్లక్ష్యంగా కనిపిస్తుంది కానీ దీని వెనుక ఒక తర్కం ఉంది. ఇద్దరు తమదేనంటున్న ఛానెల్‌ను ఒకరికి అప్పగించాలంటే ఆపరేటర్ న్యాయమూర్తి కావాలి. సాక్ష్యం చూడాలి. తన స్నేహితులకు మొగ్గుతున్నాడన్న అపవాదు మోయాలి. సర్వర్లు కలిసి పనిచేసేలా చూడటానికి వచ్చినవాడికి ఈ పని అప్పగించింది ఎవరు? జోక్యం చేసుకోకపోవడం వారి దృష్టిలో అధికారానికి తాము గీసుకున్న గీత. ఆ గీతకు అవతల, బలవంతుడిదే ఛానెల్ అన్న స్థితి మిగిలిందన్నది కూడా అంతే నిజం. తరువాతి కాలంలో ఈఎఫ్‌నెట్ కూడా మెత్తబడి, ఆపరేటర్లు లేకుండా పోయిన ఛానెళ్లను వాటి పాత అలవాటును బట్టి సరిచేసే ‘చాన్‌ఫిక్స్’ అనే యంత్రసేవను ప్రవేశపెట్టింది. మనిషి తీర్పు చెప్పనక్కరలేని పరిష్కారం కావడమే అందులోని విశేషం.

ఈ సమాధానంతో తృప్తిపడనివారు వేరు దారులు వెతికారు. 1992లో అండర్‌నెట్ వచ్చింది. 1994లో, ఈఎఫ్‌నెట్‌లోని స్టార్ ట్రెక్ ఛానెల్ సభ్యులు కొందరు బయటికి వచ్చి డాల్‌నెట్‌ను స్థాపించారు. డాల్‌నెట్‌లో ‘నిక్‌సర్వ్’ మారుపేరును, ‘చాన్‌సర్వ్’ ఛానెల్‌ను సంకేతపదంతో నమోదు చేసుకునే వీలు కల్పించాయి. అండర్‌నెట్‌లో ఛానెల్ నమోదుకు పదిమంది మద్దతుదారుల పేర్లు చూపవలసి వచ్చింది. దరఖాస్తులను, అభ్యంతరాలను పరిశీలించేందుకు స్వచ్ఛంద సభ్యుల సంఘం ఏర్పడింది. ముందుగా వచ్చినవాడి అధికారం స్థానంలో నమోదైనవాడి అధికారం వచ్చింది. పట్టాభూమికీ బంజరుకూ ఉన్న తేడా వంటిది ఇది. పట్టా వచ్చాక పట్టా కచేరీ కూడా వస్తుంది. సంకేతపదం మరిచిపోయినవారు, స్థాపకుడు మాయమైన ఛానెళ్లు, వారసత్వ తగాదాలు మొదలైన వాటన్నిటినీ విచారించే బాధ్యత జీతం లేని నిర్వాహకుల మీద పడింది.

1996 జూలైలో ఈఎఫ్‌నెట్ మళ్లీ చీలింది. ఐరోపా సర్వర్లు అధికభాగం ‘ఐఆర్‌సీనెట్’గా విడిపోయాయి. విధాన విభేదాలతో పాటు ఒక సాంకేతిక విషయమూ ఇందులో ఉంది. తెగి కలిసిన ఛానెల్‌లో ఎవరి అధికారం చెల్లాలి? కాలముద్రను చూసి పాతదాన్ని నిలబెట్టాలని ఒక పక్షం. విడిపోయిన పేరును కొంతసేపు ఎవరికీ దక్కకుండా ఆపితే చాలునని మరో పక్షం. పైకి కోడ్ గురించిన వాదన, లోపల మాత్రం హక్కు గురించిన వాదన.

ఓఎఫ్‌టీసీ అనే జాలం 2001 చివరలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వర్గాల నుంచి పుట్టింది. అది లిఖిత నిబంధనావళిని రూపొందించుకుని, నిర్వాహక పదవులకు ఎన్నికలు పెట్టి, ఫిర్యాదుల విచారణకు అంబుడ్స్‌మన్‌ను కూడా ఏర్పరచుకుంది. ఎరిస్ నాటి నుంచి పైకే నడిచిన జవాబుదారీని కొంతైనా కిందికి తిప్పిన ప్రయత్నమిది. పెద్ద జాలాలు దీన్ని అనుసరించలేదు.

గుర్తును దాచుకోవడం

నిర్వాహకుల ప్రవర్తన గురించి అన్నిటికంటే స్పష్టంగా ఆలోచించిన జాలం ఫ్రీనోడ్. రాబ్ లెవిన్ అనే అమెరికన్ లైనక్స్ సహాయ ఛానెల్‌గా మొదలుపెట్టినది ఓపెన్ ప్రాజెక్ట్స్ నెట్‌వర్క్‌గా పెరిగి, 2002లో ఫ్రీనోడ్ అయింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు, వికీపీడియా వంటి సమష్టి కృషికి నిలయాలు దాన్నే తమ చావడిగా చేసుకున్నాయి. లెవిన్ 2006 సెప్టెంబరులో హ్యూస్టన్‌లో సైకిల్ మీద వెళుతూ కారు ఢీకొని మరణించాడు. ఆయన మీద విమర్శలు తక్కువేమీ కాదు. నిధుల కోసం జాలమంతటికీ పంపిన విన్నపాలు చాలామందిని విసిగించాయి. అయినా ఆయన కాలంలో రూపుదిద్దుకున్న ఒక భావన ఆయన తరువాతా నిలిచింది.

ఆ భావన పేరు ఉత్ప్రేరకుడు. రసాయన చర్యలో తాను ఖర్చు కాకుండా చర్యను నడిపించే పదార్థం వలె, మంచి నిర్వాహకుడు అధికారం వాడకుండానే సంభాషణను సాఫీగా సాగించాలని ఫ్రీనోడ్ మార్గదర్శకాలు సూచించాయి. ఛానెల్ ఆపరేటర్లు ‘@’ గుర్తును ఎప్పుడూ ధరించి ఉండవద్దని, అవసరమైనప్పుడు తీసుకుని, పని కాగానే వదిలేయాలని కోరాయి. ఇతర జాలాల నుంచి వచ్చినవారికి ఇది వింతగా తోచేది. అక్కడ ఆ గుర్తు హోదా, పేర్ల జాబితాలో అందరికంటే పైన కనిపించే గౌరవం. ఎవరు ఎవరికి గుర్తు ఇచ్చారన్న దానిపై స్నేహాలు, వైరాలు నడిచేవి.

గుర్తును దాచడంలోని ఆలోచన మర్యాదకు మించినది. లాఠీ పట్టుకుని తిరిగే మనిషి ఎదురైతే రెచ్చగొట్టాలనుకునేవాడికి ఒక లక్ష్యం దొరుకుతుంది. మామూలు సభ్యుడు మాత్రం అతని మాటకు అభ్యంతరం చెప్పడానికి జంకుతాడు. గుర్తు లేనప్పుడు నిర్వాహకుడి మాట మాటగానే నిలబడాలి, లేదా వీగిపోవాలి. వాదనలో పాల్గొన్న నిర్వాహకుడు ఆ వాదనలోనే ఎదుటివాణ్ని గెంటివేయడం ఏ జాలంలోనైనా అన్నిటికంటే ఎక్కువగా వినిపించిన ఫిర్యాదు. గుర్తు తీసుకోవడమనే ఆ చిన్న అదనపు మెట్టు, కోపానికీ చర్యకూ మధ్య కొన్ని క్షణాల వ్యవధి కల్పించింది. అయితే ఈ ఏర్పాటులో ఒక చిక్కు లేకపోలేదు. అధికారం కనిపించనప్పుడు, అది ఎవరి దగ్గర ఉందో కొత్తవాడికి తెలియదు. ఎవరికి ఫిర్యాదు చేయాలో తెలియని సౌమ్యత కూడా ఒక రకమైన చీకటే.

మరో బాధ్యత వాడుకరులకు అంతగా తెలియనిది. ఐఆర్‌సీ ఆపరేటర్ వాడుకరుల అసలు చిరునామాలు చూడగలడు. సందేశాలు మామూలు పాఠంగా సర్వర్ గుండా ప్రవహించేవి కాబట్టి, సర్వర్ అధిపతి తలచుకుంటే వాటిని చదవడం అసాధ్యమేమీ కాదు. చూడగలిగినా చూడకపోవడం, తెలిసినా చెప్పకపోవడం అన్నది వృత్తి నియమం లేని చోట వృత్తి నియమంలా పాటించవలసిన కట్టుబాటు. ఫ్రీనోడ్ చిరునామాలను కప్పివుంచే ముసుగులను వాడుకరులకు ఇచ్చింది. సంభాషణలను బహిరంగంగా భద్రపరిచే ఛానెళ్లు ఆ సంగతిని శీర్షికలో తెలపాలని కోరింది.

దాడుల కాలం నిర్వాహక బాధ్యతను ఇంకో దిక్కుకు లాగింది. 2000 తరువాత, వైరస్ సోకిన వేలాది కంప్యూటర్లను ఐఆర్‌సీ ఛానెళ్ల ద్వారానే ఆదేశించే పద్ధతి వ్యాపించింది. అవే కంప్యూటర్లను ఐఆర్‌సీ సర్వర్ల మీదికే ఉసిగొల్పారు. 2002 చివర, 2003 ఆరంభంలో డాల్‌నెట్ వారాల తరబడి దాదాపు స్తంభించింది. దాడుల భారం మోయలేక అనేక సంస్థలు తమ సర్వర్లను ఉపసంహరించుకున్నాయి. ఒక వాడుకరిని నిషేధించిన ఆపరేటర్, ఆ నిషేధానికి ప్రతీకారంగా తనకు ఆశ్రయమిచ్చిన విశ్వవిద్యాలయపు అంతర్జాల మార్గమంతా కుంగిపోవడం చూడవలసి వచ్చింది. అంతవరకూ చూసీచూడనట్లు ఊరుకున్న పై అధికారులు అప్పుడు చూశారు.

భాష తెలియని తీర్పరి

ఐఆర్‌సీ నిర్మాణంలోనే భాష ముద్ర ఉంది. దాని నియమాల ప్రకారం మారుపేర్లలో కొన్ని బ్రాకెట్ గుర్తులను ఒకదానికొకటి పెద్ద, చిన్న బడి అక్షరాలుగా లెక్కించాలి. స్కాండినేవియా కీబోర్డుల మీద ఆ గుర్తుల స్థానాల్లో అక్కడి అక్షరాలు ఉండేవి మరి. ఫిన్లాండ్ అక్షరాలకు దక్కిన ఆ చోటు తెలుగుకు దక్కలేదు. మారుపేరు తెలుగు లిపిలో పెట్టుకునే వీలు లేదు. సందేశం గరిష్ఠంగా 512 బైట్లు. యూనికోడ్‌లో, యూటీఎఫ్–8 పద్ధతిలో, ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. గుణింతానికి ఒకటి, పొల్లుకు ఒకటి, వత్తుకు ఒకటి చొప్పున లెక్కిస్తే, ఇంగ్లీషులో ఒక పేరాగా సాగే మాట తెలుగులో రెండు మూడు వాక్యాలకే తెగిపోతుంది. కొన్నిసార్లు అక్షరం మధ్యలోనే తెగుతుంది.

అందువల్ల తెలుగువారు ఇటువంటి జాలాల్లో అధికంగా రోమన్ లిపిలోనే రాశారు. 1990లలో అమెరికా విశ్వవిద్యాలయాల్లోని తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్ చర్చల కోసం ఆర్‌టీఎస్ వంటి లిప్యంతరీకరణ పద్ధతులను రూపొందించుకున్నారు. కానీ వేగంగా సాగే సంభాషణలో ఆ క్రమం నిలవదు. ఒకే మాటను పదిమంది పది విధాలుగా రాస్తారు. నిర్వాహక దృష్టితో చూస్తే దీని పర్యవసానం తేలికైనది కాదు. తిట్లను పట్టే యంత్రపు జల్లెడకు ఆ పది రూపాలూ దొరకవు. ఆత్మీయులు చనువుతో అన్న ‘ఒరేయ్’కూ, కించపరచడానికి అన్న ‘ఒరేయ్’కూ తేడా భాష తెలియని ఆపరేటర్‌కు అందదు. ‘నువ్వు’, ‘మీరు’ల మధ్య జరిగే అవమానం అతనికి కనిపించనే కనిపించదు. సరిగ్గా ఈ కారణం వల్లనే, భాషా సమూహాల ఛానెళ్లలో ఆ భాషీయులే నిర్వాహకులు కావడం సౌకర్యం కోసం కాక న్యాయం కోసం అవసరమైంది. వికీపీడియా వర్గాలు ఫ్రీనోడ్‌లో భాషల వారీగా ఛానెళ్లు ఏర్పరచుకుని, జాలం నిర్వాహకులతో మాట్లాడేందుకు తమ తరఫున ప్రతినిధులను నియమించుకోవడంలో ఈ అవసరం కనిపిస్తుంది.

తెలుగు వికీపీడియాలో ‘నిర్వాహకుడు’ అనే మాట స్థిరపడటం ఈ సందర్భంలో గమనించదగినది. ‘అధికారి’ అనే మాటను అక్కడ వేరే, ఇంకా పరిమితమైన బాధ్యతకు ఉంచారు. నిర్వహించేవాడు నిర్వాహకుడు. అధికారం ఆ మాటలో లేదు, భారం ఉంది. ఇంగ్లీషులోని ‘ఆపరేటర్’లో ఈ రెండూ లేవు. అది యంత్రాన్ని నడిపేవాడి పేరు.

శ్రమదానమా, వెట్టా?

ఐఆర్‌సీకి సమాంతరంగా అమెరికా ఆన్‌లైన్, అంటే ఏఓఎల్, సంభాషణ గదులు నడిచాయి. అక్కడా స్వచ్ఛంద నిర్వాహకులే గదులను కాచేవారు. కంపెనీ వారిని ‘కమ్యూనిటీ లీడర్లు’ అన్నది. వాడకానికి గంటకు 2.95 డాలర్లు వసూలు చేసిన కాలంలో వారికి ఆ రుసుము మినహాయింపు దక్కేది. 1996 డిసెంబరులో నెలకు 19.95 డాలర్ల ఏకమొత్తం రుసుము రావడంతో ఆ ప్రతిఫలం విలువ ఒక్కసారిగా పడిపోయింది. పని మాత్రం తగ్గలేదు. శిక్షణ, వారానికి కనీస గంటలు, నిర్ణీత వేళలు, చేసిన పనికి నివేదికలు అన్నీ అలాగే ఉన్నాయి. 1999లో మాజీ స్వచ్ఛంద సేవకులు కొందరు న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. తాము చేసింది కార్మిక చట్టం ప్రకారం ఉద్యోగమేనని, కనీస వేతనం చెల్లించాలని వారి వాదన. ఆ పథకం 2005లో ముగిసింది. దావా 2010లో కోటి 50 లక్షల డాలర్ల రాజీతో తేలింది.

తెలుగులో ఈ తేడాకు రెండు మాటలు ఎప్పటినుంచో ఉన్నాయి: శ్రమదానం, వెట్టి. రెండింటిలోనూ కూలి లేదు. మొదటిదాంట్లో చెరువు ఊరిది, పూడిక తీసినవాడికి కూడా దాని నీటిలో వాటా ఉంది. రెండవదాంట్లో చెరువు దొరది. ఏఓఎల్ గదుల లాభం ఎక్కడికి చేరుతున్నదో 1999 నాటికి సేవకులకు స్పష్టమైంది. ఐఆర్‌సీలో ఈ ప్రశ్న మూడు దశాబ్దాలు తలెత్తకపోవడానికి కారణం, అక్కడ చెరువు ఎవరిదన్నది ఎవరూ కాగితం మీద రాయకపోవడమే.

2021 మే

చివరికి ఆ కాగితం ఫ్రీనోడ్‌లోనే బయటపడింది. అప్పటి ప్రధాన నిర్వాహకురాలు ఫ్రీనోడ్ పేరిట నెలకొల్పిన ఒక లిమిటెడ్ కంపెనీ 2017లో వ్యాపారవేత్త ఆండ్రూ లీ చేతికి వెళ్లింది. జాలం నిర్వహణలో మార్పేమీ ఉండదన్న నమ్మకంతో స్వచ్ఛంద నిర్వాహకులు పని కొనసాగించారు. సర్వర్లు దాతలు ఇచ్చినవి, కాపలా సేవకులది. అలాంటప్పుడు కంపెనీకి ఏం దక్కింది? పేరు, చిరునామా, వాటితోపాటు చట్టం దృష్టిలో యాజమాన్యం దక్కాయని లీ పక్షం. నాలుగేళ్లకు ఆ హక్కును ఆయన నిర్వహణలోకి తెచ్చినప్పుడు తగవు ముదిరింది. 2021 మే 19న నిర్వాహకులు సామూహికంగా రాజీనామా చేసి, అదే రోజు లిబెరా చాట్ అనే కొత్త జాలాన్ని ప్రకటించారు. లీ దృష్టిలో అది తన సంస్థను కాజేసే ప్రయత్నం. రాజీనామా చేసినవారి దృష్టిలో వాడుకరుల సమాచారాన్ని తాము నమ్మని చేతుల్లో పెట్టకుండా తప్పుకోవడం. చిరునామాలు చూడగలవాడి మౌనం మీద నిలబడిన వ్యవస్థలో, ఆ స్థానానికి ఎవరు వస్తారన్నది చిన్న విషయం కాదు.

వారం తిరగకముందే వివాదం వాడుకరుల దాకా వచ్చింది. మే 26న, శీర్షికలో లిబెరా ప్రస్తావన ఉన్న ఛానెళ్లను, సుమారు ఏడు వందలను, కొత్త యాజమాన్యపు ఫ్రీనోడ్ స్వాధీనం చేసుకుంది. 1990ల దొంగతనం, తెగిన సర్వర్ చాటున దూరి ఛానెల్ లాక్కునే విద్య, ఈసారి జాలం పాలకుల చేతిమీదుగా, యాంత్రికంగా, ఒకే రాత్రిలో జరిగింది. అప్పటివరకు ఊగిసలాడుతున్న ప్రాజెక్టులు చాలావరకు ఆ చర్యతోనే నిర్ణయానికి వచ్చాయి. ఉబుంటు, జెంటూ, వికీమీడియా వర్గాలు లిబెరాకు తరలాయి. జూన్‌లో ఫ్రీనోడ్ కొత్త సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు మారినప్పుడు పాత నమోదులు కూడా దానితో రాలేదు. రెండు దశాబ్దాలుగా పేరుకున్న ఛానెళ్ల పట్టాలు రద్దయినట్లయింది.

లిబెరాను స్వీడన్ చట్టం కింద లాభాపేక్ష లేని సంఘంగా నమోదు చేశారు. ఆ సంఘ సభ్యులు దాన్ని నడిపే స్వచ్ఛంద నిర్వాహకులే. సర్వర్లు విరాళమిచ్చే సంస్థలకు జాలం మీద పెత్తనం ఉండదు. అమ్మడానికి షేరు లేదు. ఇంతకాలం నమ్మకం మీద వదిలేసిన దాన్ని ఈసారి కాగితం మీద పెట్టారు. ఆ కాగితంలో వాడుకరుల ఓటుకు చోటు లేదన్న విమర్శను కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఎరిస్ నాటి జవాబుదారీ ఇప్పటికీ ఎక్కువగా పైకే నడుస్తున్నది.

ఫ్రీనోడ్ ఖాతాలేవీ లిబెరాకు చేరలేదు. వేలమంది తమ మారుపేర్లను మళ్లీ నమోదు చేసుకున్నారు. అధికార జాబితాలు, నిషేధాల పట్టికలు, శీర్షికలు వంటివాటిని ఒక్కొక్క ఛానెల్‌కూ దాని నిర్వాహకులు మళ్లీ అమర్చుకోవలసి వచ్చింది, అదీ తమ తమ ఉద్యోగాలు ముగిసిన తరువాతి గంటల్లో.